మూత లేని గుంతలో పచ్చకొమ్మ

అతన్ని అందరూ కొక్కెం అనే పిలిచేవారు. మురుగు గుంతల మీది బరువైన మూతల్ని లేపే ఇనుప కొక్కెం ఒకటి ఎప్పుడూ అతని భుజాన వేలాడుతుండేది. ఒకప్పుడు అదే అతని ఉద్యోగం. బావ గుంతలోకి దిగేవాడు, ఇతను పైన తాడు పట్టుకునేవాడు. పనిలోకి తాగి వస్తున్నాడని కంట్రాక్టరు పీకేశాడు. ఉద్యోగం పోయింది గానీ కొక్కెం పోలేదు, ఒంటి మీది పసుపు కోటూ పోలేదు. ఇక చెప్పేదేముంది! పట్టపగలు, నడివీధిలో, అందరి కళ్ళముందే మూత లేపి బండిలో వేసుకుని పాతసామాను కొట్టుకి తోలేవాడు. ఎవరాపుతారు? ఆ కోటు కనపడగానే జనం ముక్కు మూసుకుని అటు తిరిగి పోతారు. మురుగు పనివాడి మొహం ఈ లోకంలో ఎవడు చూశాడు గనక!

దొంగే గానీ మరీ గుండె లేనివాడు కాదు. మూత తీసిన ప్రతి గుంతలోనూ ఒక పచ్చకొమ్మ విరిచి నిలబెట్టి వెళ్ళేవాడు. అది వాళ్ళ పనిలోని గుర్తు. కొమ్మ ఉందంటే కింద మనిషి ఉన్నాడని అర్థం, బళ్ళవాళ్ళు తప్పుకుని పోతారు. ఆ గుర్తు నేర్పింది బావే. దాంతోపాటు ఇంకోటి కూడా నేర్పాడు. మూత వేసే ముందు వంగి లోపలికి కేకెయ్యాలి, చెవి పెట్టి వినాలి, ఆ తర్వాతే వెయ్యాలి. "నేను తీసిన గుంతలో ఇంతవరకూ ఒక్క మనిషి పడలేదు" అని కొక్కెం తనలో తాను మురిసిపోయేవాడు. చేసేది దొంగతనం, దానికి మళ్ళీ మురిపెం ఒకటి!

అతను ఉండేది అక్కాబావల ఇంట్లోనే. అక్కకి ఎప్పుడూ ఒకటే బెంగ. మొగుడు పని నుంచి వచ్చి, గుమ్మం బయట ఒంటి మీద నీళ్ళు గుమ్మరించుకుని, లోపలికి అడుగుపెట్టేదాకా ఆమెకి ముద్ద దిగదు. ఒకరోజు కంచాల ముందు బావ అన్నాడు:

"మూతల దొంగలు ఎక్కువైపోయారోయ్. నేను లోపలుంటే పక్కన పెట్టిన మూత కూడా లేపుకుపోతున్నారు వెధవలు. అందుకే మా జతగాడు మూతని బండిలో వేసుకుని, నేను గొట్టంలోంచి తోసే తాడు కొస అందుకోడానికి అవతలి గుంత దగ్గరికి పోతున్నాడు."

వడ్డిస్తున్న అక్క చెయ్యి ఆగిపోయింది. "మరి ఇవతల మీకు కాపలా ఎవరు?"

"కొమ్మ ఉంటుందిగా! ఇంకేం కావాలే పిచ్చిదానా?" అని నవ్వాడు బావ.

కొక్కెం తల ఎత్తలేదు. నాలుగు మెతుకులు గబగబా మింగి లేచిపోయాడు.

మూతలు పోయి పోయి చివరికి ఊరి పెద్దలకి ఒళ్ళు మండింది. ఇనుము వద్దు, సిమెంటు బిళ్ళలు వేసెయ్యమన్నారు. ఇనుప కొక్కెం దూరడానికి చిన్న కన్నం కూడా ఉండకూడదన్నారు, ఆ దొంగవెధవ ఎలా లేపుతాడో చూద్దామని. బిళ్ళలు మొయ్యడానికి కూలీలు కావాలంటే అందరికంటే ముందు పోయి చేరింది మనవాడే. తీసిందీ తనే, మూసేదీ తనే! లోపల్లోపల పగలబడి నవ్వుకున్నాడు.

"ఏ గుంతకి మూత లేదో ఎలా తెలుస్తుందిరా?" అని మేస్త్రీ తల గోక్కున్నాడు.

"కొమ్మ ఉన్న చోటల్లా బిళ్ళ వేసుకుంటూ పోవడమే మేస్త్రీ" అన్నాడు కొక్కెం హుషారుగా.

ఆసుపత్రి వెనక వీధిలో అతను లేపిన మూతలు బోలెడు. ఏది తీశాడో ఏది వదిలాడో అతనికే గుర్తులేదు. మలుపు దగ్గర గుంతలో కొమ్మ ఉంది, పక్కన మూత లేదు. తను తీసిందే అనుకున్నాడు. తను తీసిన గుంతలోకి తనే కేకెయ్యడమేమిటి, కింద ఎవరున్నారని? కొమ్మ పీకేశాడు. బిళ్ళలు తెచ్చిన లారీ ఇంజను చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే నలుగురూ కలిసి బిళ్ళ దించి, చుట్టూ సిమెంటు మెత్తారు. లారీ పక్కవీధికి పోయింది. అంచులు నున్నగా చెయ్యడానికి కొక్కెం ఒక్కడే మిగిలాడు. పని అయ్యాక ఆ బిళ్ళ మీదే చతికిలబడి, కొమ్మతో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

అంతలో వీధి చివర్నుంచి తోపుడుబండి పరుగు మీద వచ్చింది. బండిలో ఇనుపమూత ఉంది. తోస్తున్నది బావ జతగాడు.

"ఒరేయ్, తాడు ఎంత లాగినా ఉలుకూ పలుకూ లేదురా! ఇక్కడ గుంత ఉండాలి కదా... కొమ్మేదిరా?"

కొమ్మ కొక్కెం చేతిలోనే ఉంది.

"అయ్యో, బావా!" అంటూ బిళ్ళ మీద పడ్డాడు. భుజాన ఉన్న ఇనుప కొక్కెం తీసి అంచులన్నీ తడిమాడు. దూర్చడానికి కన్నం లేదు. ఇద్దరూ కలిసి తోసినా కదల్లేదు. జతగాడు లారీ కోసం పరుగెత్తాడు. కొక్కెం పచ్చి సిమెంటుని వేళ్ళతో గీకాడు, గోళ్ళు ఊడి నెత్తురు కారుతున్నా గీకాడు. "బావా, పలుకు బావా!" అని ఇప్పుడు కేకేశాడు. ఇప్పుడు చెవి ఆనించి విన్నాడు. కింద ఏ చప్పుడూ లేదు.

మేస్త్రీవాళ్ళు గడ్డపారలతో బిళ్ళ లేపేసరికి బావ గుంత గోడకున్న మెట్ల ఊచల పైదాకా వచ్చి ఉన్నాడు. చొక్కా ఊచకి తగులుకుని ఆగిపోయాడు. మురుగు గాలి ఎప్పుడో ప్రాణం తీసేసింది. ఒక చెయ్యి ఇంకా పైకెత్తే ఉంది.

ఇంటి ముందు బావని పడుకోబెట్టారు. అక్క పక్కనే కూలబడి ఏడుస్తోంది. ఆ ఏడుపులోనే తమ్ముడి చేతులు చూసి, పాతగుడ్డ చింపి కట్టు కట్టసాగింది.

"నువ్వేం చేస్తావురా, చెప్పిన పని చేశావు. గోళ్ళు ఊడేదాకా గీకావంటగా, నా తండ్రీ... అసలు ఆ మూతలు ఎత్తుకుపోయేవాడు లేకపోతే ఇదంతా ఎందుకు జరిగేది? వాడి చేతులు పడిపోను! వాడి చేతులు పుళ్ళుపడి పురుగులు పట్టిపోను!"

అక్క ముడి వేసి, ఆ చేతిని నెమ్మదిగా అతని ఒళ్ళో పెట్టింది.

"రెండో చెయ్యి ఇటివ్వు" అంది.

ఇచ్చాడు.