గట్టు కింది తూము

"ఆదివారం కూడా ఆ రంగులేయడమేనా?" అన్నాడు భర్త, స్టవ్ పక్కనే ఆమె లాప్‌టాప్ తెరిచి ఉండటం చూసి.

ఆరేళ్లుగా ఆమె ఉద్యోగానికి ఆయన పెట్టిన పేరు అదే. నిజానికి ఆమె పని, కంప్యూటర్ పటంలో రంగులుగా కనిపించే నేల ఎత్తుపల్లాలు సరిదిద్ది, కురిసిన వాన ఎటు పోతుందో తేల్చడం. ఈసారి చిక్కంతా ఒక రోడ్డుతో వచ్చింది. ఎత్తులు కొలిచింది విమానం. దానికి రోడ్డు గట్టు కనిపించింది గానీ గట్టు కింద తూమున్నా కనిపించదు. దాంతో పటంలో వాగు రోడ్డుని ఢీకొట్టి, ఖాళీ మైదానం వైపు తిరిగిపోయింది. ఆ పటం నమ్మి వరద కాలువ మైదానంలో తవ్వబోతున్నారు. తూమే ఉంటే, నీళ్లు తిన్నగా రోడ్డవతలున్న బడి మీద పడతాయి.

ఆ మాటే చెబితే ఆఫీసరు, "కంప్యూటర్ కన్నా నీకెక్కువ తెలుసామ్మా?" అన్నాడు. జీపు కూడా లేదన్నాడు.

"నేనే వెళ్లి చూసొస్తాను," అంది భర్తతో.

"వెళ్లు, నేనేమన్నా వద్దన్నానా? వంట చేసి వెళ్లు."

వద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆయనిచ్చే స్వేచ్ఛకి ముందో వంట, వెనకో గిన్నెల గుట్ట ఉంటాయి, అంతే. ఆమె స్టవ్ కట్టేసింది. అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఒక్కదానివీ ఆ గట్లమ్మట తిరుగుతావా? పద." కాపలాకి కాబోలు అనుకుంది కోడలు.

గట్టు దగ్గర గంటసేపు పొదలు వెతికినా తూము జాడ లేదు. పైన నిలబడ్డ అత్తగారు చెవి ఒగ్గి, "కప్పలు ఊరికే కచేరీ పెట్టవే. అదిగో, అక్కడ చూడు," అంది.

పొద తప్పిస్తే మనిషెత్తు తూము. అత్తగారు చీలమండల దాకా బురదలో దిగి టేపు రెండో కొస పట్టుకుంది. అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. కొడుకు.

"అమ్మా, కుక్కర్లో నీళ్లెన్ని పోయాలి?"

"నీళ్ల లెక్క తెలిసిన మనిషిని రంగులేస్తోందన్నావు కదరా. నువ్వే తేల్చుకో," అని పెట్టేసింది. కోడలు నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడింది.

సోమవారం ఆమె పటంలో తూమున్న చోట రోడ్డుని తెగ్గొట్టింది. వాగు తిన్నగా బడి వైపు పరిగెత్తింది. చూసి ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "నాకు మొదట్నుంచీ అనుమానమే. ఎప్పట్లాగే నా సూచన మేరకని రాసెయ్."

రిపోర్టు అప్పటికే రాసి ఉంది. కొలిచినవారు అన్నచోట రెండు పేర్లున్నాయి.

"ఈ రెండో ఆవిడెవరు?"

"మా అత్తగారండి."

"కొట్టెయ్."

ఆమె పెన్ను ఆయన ముందు పెట్టింది. "మీరే కొట్టెయ్యండి సార్. పక్కన కారణం రాసి సంతకం చెయ్యాలి."

ఆయన పెన్ను తీసుకుని, ఏదీ కొట్టెయ్యకుండా అడుగున సంతకం చేశాడు.