నాలుగువందల పన్నెండో లైను

“అమ్మా, ఐదు నిమిషాలు ఎవరూ ఏమీ వెతక్కండి,” అని ఆసుపత్రిలోని నాలుగు కౌంటర్లకూ ఫోను చేసి చెప్పి, అక్కడి కంప్యూటర్లు చూసుకునే అతను సర్వరును ఆపి మళ్ళీ లేపాడు. రోగుల పాత కాగితాలను క్షణంలో వెతికిపెట్టే సర్వరు అది. కానీ తీసుకున్న మెమరీని తిరిగి వదలదు. నాలుగు గంటలు దాటితే నిండిపోయి బిగుసుకుపోతుంది. అందుకని పగలూ రాత్రీ, నాలుగు గంటలకోసారి, ఆరేళ్ళుగా అతనికి ఇదే పని. మామగారిని సాగనంపిన రోజున కూడా శ్మశానం గోడ మీద లాప్‌టాప్ పెట్టుకుని రీస్టార్టు కొట్టాడు. బావమరుదులు అప్పట్నుంచీ ‘రీస్టార్టు బావ’ అంటారు. నవ్వేవాళ్ళకేం పోయింది? వరసగా నాలుగు గంటలు నిద్రపోయి ఎరగడు ఆ మనిషి.

నిన్న సర్వరు వేళకు ముందే బిగుసుకుంది. ఆయాసంతో వచ్చిన ఓ పిల్లకు ఏ మందు పడదో చూడబోతే తెర కదల్లేదు. తల్లికి ఆ మందు పేరు గుర్తొచ్చింది కాబట్టి సరిపోయింది. లేకపోతే? ఆ మాటే రాత్రంతా అతన్ని తినేసింది.

పొద్దున్నుంచీ ఎర్రబడ్డ కళ్ళతో, ఎడమ భుజం ఒరిగిపోయేలా తెరకు అతుక్కుని, మెమరీలో ఏం పేరుకుందో తవ్వి చూశాడు. పది నిమిషాలకోసారి కొత్త కాగితాలు చేరగానే సర్వరు, ఏ కాగితం ఎక్కడుందో చెప్పే సూచికను మళ్ళీ కొత్తగా తెరుస్తోంది. పాతది మూయడం లేదు, తిన్న కంచం కడగకుండా మరో కంచం తీసినట్టు. మూసే లైను ప్రోగ్రాములో ఉంది, నాలుగువందల పన్నెండోది. ఎవరో దాన్ని పనిచేయకుండా కొట్టేశారు. పక్కన, ఈ కంప్యూటర్ల విభాగానికి పెద్ద అయిన సారు పేరు. ఆరేళ్ళ కిందట ఎవరో వెతుకుతుండగానే సూచిక మూతపడి, అందరి ముందూ సారు పరువు పోయిందట. దాన్ని సరిచేయకుండా లైను కొట్టేసి, ఓ మనిషిని కాపలా పెట్టాడు. అతనికి ఒళ్ళు మండిపోయింది.

చివరి మనిషి వెతకడం అయ్యాకే సూచిక మూతపడేలా ఆ లైను తిరగరాశాడు. వేరే యంత్రం మీద రెండు గంటలు నడిపి చూశాడు. ఎవర్నీ అడక్కుండా అసలు సర్వరులో పెట్టేశాడు. ఎక్కడం తప్ప మరేమీ ఎరగని, మెమరీ వాడకం చూపే గీత దిగడం మొదలుపెట్టింది.

సంగతి తెలిసి సారు ఊగిపోతూ వచ్చాడు.

“నడుస్తున్నదాన్ని కెలకొద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు?”

“నడవట్లేదు సార్. రోజుకి ఆరుసార్లు చచ్చి లేస్తోంది. మీరు కొట్టేసిన లైను వల్లే.”

పక్క సీటు అమ్మాయి టైపు చేయడం ఆపేసింది.

“తీసెయ్ దాన్ని.”

“నిన్న ఆ పిల్ల పోయుంటే వాళ్ళమ్మకి మీరెళ్ళి చెప్పేవారా? నేను తియ్యను.”

“అయితే ఉద్యోగం వదిలి నువ్వే వెళ్ళు.”

తప్పు చేసినవాడికి దర్జా, దిద్దినవాడికి శిక్ష. అతను అరవలేదు, తలుపు విసిరికొట్టలేదు. ఓ చీటీ రాసి ఆ అమ్మాయి ముందు పెట్టాడు. “అంతా ఇందులో ఉందమ్మా,” అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అతను మెట్లు దిగేలోపే సారు పాత ప్రోగ్రామే పెట్టించాడు. సాయంత్రానికి రీస్టార్టు పని ఆ అమ్మాయి మీద పడింది. చీటీ ఆమె కీబోర్డు పక్కనే ఉంది: ఫైలు పేరు, మార్చాల్సిన మాటలు, కింద ‘భయం లేదు, నడిపి చూశాను’ అని. ఆ అక్షరాల మీద సారు పెట్టి తీసిన టీ కప్పు మరక గుండ్రంగా ఆరిపోయింది.