సీసాతో పాటు మనిషి

ఉద్దానంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పల్లెలో తెల్ల వ్యాను కనిపిస్తే చాలు, జనం మూత్రం సీసాలతో వరసకట్టేస్తారు. ఎవరూ చెప్పనక్కర్లేదు. వచ్చినవాళ్ళంతా అడిగేది అదే కదా. కిడ్నీల జబ్బు ఎందుకొస్తోందో కనిపెడతామని ఐదేళ్ళలో మూడు బృందాలొచ్చాయి. రక్తం తీశారు, సీసాలు పట్టుకెళ్ళారు, పేర్లు రాసుకున్నారు, ఇక్కడి కొబ్బరి బొండాలంత తియ్యనివి ఎక్కడా లేవని మెచ్చుకుని మరీ తాగారు. రిపోర్టు మాత్రం ఒక్కరికీ రాలేదు.

జోగమ్మ మొగుడు సింహాచలం మూడుసార్లూ సీసా ఇచ్చాడు. సముద్రం మీద చేపల వేటకెళ్ళే మనిషి, ఏడాదిగా కాళ్ళు వాచి ఇంట్లోనే కూలబడ్డాడు. ఊళ్ళో ఎవరు పోయినా "ఇంక నా వొంతే" అంటాడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోతాడు. కిడ్నీలు ఉన్నాయో పోయాయో తెలిస్తే ఏదో ఒకటి చెయ్యొచ్చు. ఏమీ తెలియకుండా మనిషి రోజూ కొంచెం కొంచెం తరిగిపోతుంటే చూడటం జోగమ్మ వల్ల కావడం లేదు.

2007 అక్టోబరులో మరో తెల్ల బండి వచ్చింది. జోగమ్మ మొగుడి సీసా పట్టుకుని అందరికంటే ముందు నిలబడింది.

బండి దిగినాయన తారకేశ్వరరావు, టెక్కలిలో ఫిజిక్సు లెక్చరరు. అంతరిక్ష యుగానికి యాభై ఏళ్ళు నిండాయి కాబట్టి ఊరూరా ప్రదర్శన పెట్టి, చూసినవాళ్ళ వేలిముద్రలు పైకి పంపాలని ఆయనకు ఉత్తర్వు. మిగతా ఊళ్ళలో పట్టుమని పదిమంది రాలేదు. ఇక్కడ అరవైమందిని చూసేసరికి ఆయన గుండె ఉప్పొంగింది. చేతుల్లో సీసాలు చూశాక కొంచెం తగ్గింది.

"ఇది వైద్య శిబిరం కాదమ్మా. మానవుడి అంతరిక్ష విజయగాథ!"

"అయితే ఈ సీసాలు ఎక్కడెట్టమంటారు బాబూ?" అంది జోగమ్మ.

"ఎక్కడో ఒకచోట పెట్టండి" అన్నారాయన. అందరూ ఆయన బండిలోంచి దింపిన బొమ్మ రాకెట్టు చుట్టూ పెట్టారు.

ఆయన ముందుగా లైకా అనే కుక్క బొమ్మ చూపించారు. రష్యావాళ్ళు వీధికుక్కను తెచ్చి, ఒంటికి తీగలు తగిలించి పైకి పంపారట. దాని గుండె ఎలా కొట్టుకుంటోందో, ఊపిరి ఎలా ఆడుతోందో కింద ఉన్నవాళ్ళకి తెలిసేదట.

"మరి కుక్కేటైంది?" అంది జోగమ్మ.

"తిరిగి రాలేదు. దింపే ఏర్పాటే లేదు."

"కుక్క రాపోయినా దాని రిపోర్టు ఆకాసం నించి వచ్చీసింది. మాకు పట్నం నించి రావడం నేదు."

జనం గొల్లుమన్నారు. తారకేశ్వరరావు గొంతు సవరించుకుని హామ్ అనే చింపాంజీ బొమ్మ తీశారు. అమెరికావాళ్ళు దాన్ని పైకి పంపి సముద్రంలో దింపాక, ఓడ మీదికి చేర్చి, యాపిల్ పండిచ్చి, డాక్టర్లు పరీక్షలు చేశారని చెప్పారు.

"కోతికి పండు కూడా ఎట్టేరా?" అన్నాడు మూడుసార్లు సూది పొడిపించుకున్న పోలారావు. "మాకు బిస్కెట్టు ముక్కయినా ఇవ్వనేదు."

జోగమ్మ మనసు మాత్రం కుక్క దగ్గరే ఆగింది. "కుక్కల్నీ కోతుల్నీ పంపినోళ్ళు మళ్ళీ మనిసిని ఎందుకు పంపేరు బాబూ?"

ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఏ విద్యార్థీ తారకేశ్వరరావుని ఈ ప్రశ్న అడగలేదు. "కుక్కకి మాటలు రావు కదమ్మా. మనిషైతే వెళ్ళి, కళ్ళారా చూసి, తిరిగొచ్చి నోటితో చెబుతాడు. అందుకే గగారిన్‌ను పంపారు. నూట ఎనిమిది నిమిషాల్లో భూమిని చుట్టి వచ్చి చెప్పాడు."

జోగమ్మ వేలిముద్ర వేసి, సీసా తీసుకుని ఇంటికి పోయింది.

డిసెంబరులో నిజంగానే వైద్య బృందం వచ్చింది. సాయంత్రం సీసాలన్నీ పెట్టెల్లో సర్ది డ్రైవరు తలుపు వేయబోతే, లోపల జోగమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో సింహాచలం సీసా.

"దిగమ్మా. ఇందులో మనుషుల్ని ఎక్కించుకోకూడదు" అన్నాడు డాక్టరు.

"మూడు సీసాలు ఒంటిగా ఎల్నాయి బాబూ. ఒక్కటీ తిరిగొచ్చి ఏటీ సెప్పనేదు. ఈసారి మనిసి ఎల్తాది."

దింపాలని చూశారు. ఊరంతా వచ్చి బండికి అడ్డం నిలబడింది. రిజిస్టరులో మనుషులకు గడి లేదు కాబట్టి, డాక్టరు చివరికి ఆమెను నమూనాల కింద రాసుకుని తీసుకెళ్ళాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె పలాస బస్సు దిగింది. రిపోర్టు చేతికొచ్చేదాకా ల్యాబు వరండాలోంచి ఎవరు పొమ్మన్నా కదల్లేదట. చేతిలో కాయితం ఉంది. ఎదురొచ్చిన ఊరిని దాటుకుని ఇంటికెళ్ళి, మొగుడి వాచిన కాళ్ళ దగ్గర కూలబడింది.

"సగం పోనాయంట. మందులు ఏసుకుంటే మిగతా సగం నిలబడతాయంట" అని భోరుమంది.

సింహాచలానికి చదువు రాదు. అయినా ఆ కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకున్నాడు.

"సగం ఉన్నాయేటి?" అన్నాడు. "మొత్తం పోనాయనుకుని నాను ఎప్పుడో సచ్చిపోనాను కదే."

కాయితం మడిచి తలగడ కింద పెట్టుకుని, గోడ పట్టుకుని లేచాడు.

"అన్నం ఎట్టు. ఆకలేత్తంది."