మోగని పిక్కర్

నేను ఒక పిక్కర్‌ని. పిడికెడు ప్లాస్టిక్ ముక్కని. సిరిసిల్లలో సాంచా అని పిలిచే మరమగ్గానికి అటొకటి ఇటొకటి మేం ఉంటాం. దారం మోసే నాడెను అవతలికి కొట్టాలి, అవతలి నుంచి దూసుకొచ్చే నాడెను ఒంటితో ఆపాలి. నిమిషానికి యాభైసార్లు. మా వంశంలో ఎవరూ ముసలితనం చూడలేదు. అందరూ డ్యూటీలోనే పగిలిపోయారు.

నేను పుట్టింది జీడిమెట్లలో, సుభాషిణి నడిపే చిన్న మోల్డింగ్ షెడ్డులో. ఆమె అంతకుముందు పోసినవి అచ్చమైన నైలాన్ పిక్కర్లు. గట్టివి, పొగరుబోతులు. ఒంట్లో వెంట్రుకంత పగులు పుడితే చాలు, ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తేది. వాటిలో ఒకటి పగిలి రాజేశం కనుబొమ్మ చీల్చింది. రాజేశం ముప్పై ఏళ్లుగా సాంచా నడుపుతున్న మనిషి.

ఆ గాయం చూసి వచ్చిన రోజే సుభాషిణి నైలాన్‌లో రబ్బరు కలపడం మొదలుపెట్టింది. రెండూ ఎడమొహం పెడమొహం. పొత్తు కుదిర్చే మూడో పదార్థం పడితేగాని కలవలేదు. రబ్బరు తక్కువైతే ముక్కలయ్యాం. ఎక్కువైతే మెత్తబడి నాడెను సగం దారిలో వదిలేశాం. చివరికి నూటికి పదిహేను పాళ్ల దగ్గర నేను పుట్టాను. నా ఒంటినిండా కంటికి కనిపించని రబ్బరు బొట్లు. పగులు పారిపోయే దొంగ అనుకోండి; ప్రతి మలుపులోనూ ఒక కానిస్టేబుల్.

ఇక రాజేశం తల ఊపాలి. ఊపితే సాంచాల వాడంతా కొంటుంది. లేదంటే సుభాషిణి నన్ను మరిచిపోయి బకెట్ మూతలు పోసుకోవాలి.

అతని పరీక్ష ఒక్కటే. కుండ కొనేవాడిలా పిక్కర్‌ని ఇనుప కడ్డీతో తట్టి వింటాడు. ఖంగున మోగితే మంచిది. నన్ను తట్టాడు. దబ్ అన్నాను. రబ్బరు నా గొంతు నొక్కేస్తే నేనేం చేయను?

“మోగుతలేదు బిడ్డా. మోగనిదాంట్ల పానం లేనట్టే.”

మోత గట్టిదనానికి గుర్తేగాని ఆయుష్షుకు కాదని సుభాషిణి ఎంతో చెప్పింది. రాజేశం మర్యాదగా విని, చాయ్ తాగించి పంపాడు. నెల తర్వాత వచ్చి తీసుకుపోతానని ఆమె మేమున్న డబ్బా వదిలి వెళ్లింది. అతను దాన్ని బల్ల కిందికి తోసి, మోగే పిక్కర్ ఒకటి బిగించుకున్నాడు.

నన్ను బయటికి తీసింది అతని భార్య రుక్కవ్వ. పక్కనే కూర్చుని నాడెలోకి దారం కండెలు చుట్టే మనిషి. నోట్లో వక్క లేనిదే ఆమెకు చేతులు ఆడవు. నా వీపు మీద వక్క పెట్టి సుత్తితో కొట్టేది. రోజుకు ఏడెనిమిది. సాంచాకని పుట్టిన బతుకు తాంబూలానికి అంకితమైంది. నాకేం బాధ లేదు. దెబ్బ ఎక్కడైనా దెబ్బే.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం సగం నేసిన గుడ్డ మీద మోగే పిక్కర్ ఫట్‌మని రెండయింది. ముక్క రాజేశం చెవి పక్కనుంచి ఈల వేస్తూ పోయి గోడకు తగిలింది. సాంచా ఆగింది. రుక్కవ్వ లేచి ముందు అతని రెండు కళ్లూ చూసింది. తర్వాత నన్ను అతని అరచేతిలో పెట్టింది.

“నీ చెవి మాట ఇని మూడు పలగ్గొట్టుకున్నవు. ఇగ నా వక్క మాట ఇను.”

అతను నన్ను తిప్పి తిప్పి చూశాడు. వీపు నిండా సొట్టలు. ఒక్క పగులూ లేదు. సాంచాకు బిగించాడు. నాడె వచ్చి తాకింది. నా ఒళ్లు రవ్వంత సాగి దెబ్బను మింగేసింది. మళ్లీ తాకింది. మళ్లీ మింగాను. నాకు ముందువాళ్లకు వారం గడవడమే గొప్ప. నాకు మూడు వారాలు గడిచాయి.

నెల తిరిగి సుభాషిణి దిగాలుగా గడప ఎక్కేసరికి, రాజేశం డబ్బా ముందేసుకుని ఒక్కో పిక్కర్‌ని తడుతున్నాడు.

“ఇగో బిడ్డా, ఈ నాలుగు మోగుతున్నయి, నువ్వు తీస్కపో. మూగయి నాకిడిసిపెట్టు. చెవితోని సూస్తే అన్నీ తెలుస్తయని నేను ముందే చెప్పిన గద.”

రుక్కవ్వకు నవ్వు ఆగక పొలమారింది.

సుభాషిణి షెడ్డుకు పోయి ఆ నాలుగింటినీ సుత్తితో కొట్టింది. నాలుగూ పగిలాయి. రబ్బరు సరిగ్గా కలవని వాయి అది. ఆ రోజు నుంచి ఆమె షెడ్డులో ఏ పిక్కరూ కడ్డీతో తట్టించుకోకుండా గడప దాటలేదు.

ఎనిమిది నెలలు కొట్టాను, కొట్టించుకున్నాను. పగల్లేదు, అరిగాను. మా వంశంలో ముసలితనం చూసిన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు నా చోట నా తమ్ముడున్నాడు. నేను మళ్లీ రుక్కవ్వ దగ్గర చేరాను. ఆమె వక్క పెట్టి సుత్తి ఎత్తుతుంది. వక్క పగులుతుంది.

నేను దబ్ అంటాను.