చావకూడని ఇల్లు

జావ అడుగంటకుండా కుడిచేత్తో గరిటె తిప్పుతూ, ఎడమచేత్తో పొయ్యిగట్టు పట్టుకుని నిలబడింది వెర్నా. గరిటె ఆపితే జావ మాడుతుంది. గట్టు వదిలితే తను పడుతుంది. ఆ రెండూ జరగకుండా చూసుకోవడమే ఆ పొద్దున ఆమె పని.

మేడ మీద పిల్లలు ఒక్కొక్కరే లేస్తున్నారు. ఎవరు లేచారో చూడక్కర్లేదు ఆమెకి. గోడ మీద వేళ్ళతో దరువు వేస్తున్నవాడు క్లేటన్. స్నానాల గదిలో ఒకే చరణాన్ని తిప్పి తిప్పి పాడుతున్నది లెటీషా. రెండో పాదం దగ్గర ఆ పిల్లకి ఊపిరి చాలడం లేదు. ముందే కొంచెం పీల్చుకోవాలి. చెప్పాలనుకుంది వెర్నా. చెప్పడానికి తనకే ఊపిరి లేదు.

పొట్టి మనిషి, గుండ్రటి మనిషి. నెరిసిన జుట్టు వెనక్కి లాగి రబ్బరు బ్యాండు వేసుకుంటుంది. నవ్వితే పైవరసలో ఒక పన్ను లేదని తెలుస్తుంది. ఈమధ్య కాళ్ళకి నీరు పట్టి మగవాళ్ళ చెప్పులు తప్ప ఏవీ ఎక్కడం లేదు. ఎడమ మోచేతి కింద నరం తాడులా ఉబ్బి ఉంటుంది. డయాలసిస్ యంత్రానికి తగిలించడానికి డాక్టర్లు కలిపి కుట్టిన నరం అది. చెవి ఆనిస్తే తేనెపట్టులా గుయ్యిమంటుంది. ఆమెది ఉత్తరాన ఎడారిలో ఊడ్నడట్టా అనే ఊరికి అవతల ఎర్రమట్టి నేల. అక్కడ ఆ యంత్రం లేదు. యంత్రం లేని చోట బతకలేదు కాబట్టి ఈ అడిలైడ్‌లో ఉంటోంది. అదొక్కటే కారణం కాదులెండి. ఈ ఇంట్లో పిల్లలున్నారు, సంగీతం కాలేజీలో చదవడానికి ఆ ఎడారి ఊళ్ళ నుంచి వచ్చిన తమవాళ్ళ ఆదివాసీ పిల్లలు.

క్లేటన్ దిగొచ్చాడు. ఎండుపుల్లలా పొడుగ్గా ఉంటాడు, జుట్టు పిచ్చుకగూడు.

"పెద్దమ్మా, చెయ్యి ఇలా ఇవ్వు. నీ నరం రొదకి గిటారు శ్రుతి చేసుకోవాలంట మావాడు."

"నన్ను శ్రుతిపెట్టె అనుకున్నార్రా? పో, ముందు ముఖం కడుక్కో. ఆ కళ్ళేంటి, ఎండలో పడుకున్న ఉడుములా?"

"కడిగితే అమ్మాయిలు వరస కడతారు పెద్దమ్మా. మళ్ళీ అందరికీ నువ్వే వండిపెట్టాలి."

"వండుతాలే గానీ, నిన్ను చూసి వచ్చే పిల్ల కళ్ళకి ముందు అద్దాలు కొనిపెట్టాలి."

వాడు నవ్వుతూ చెయ్యి పట్టుకోబోయాడు. వెర్నా చేతిని ఏప్రన్ కింద దాచేసింది. రెండు రోజులుగా ఆ రొద సన్నగిల్లిపోయింది. పిల్లల చెవులు మామూలు చెవులు కావు, ఇట్టే పట్టేస్తారు.

మొన్న డాక్టరు, మంచి కుర్రాడు, మంచం పక్కన కూర్చుని మరీ చెప్పాడు. గుండె కూడా అలిసిపోయిందమ్మా, ఇంటికి వెళ్ళొద్దు, ఇక్కడే ఉండిపో అన్నాడు. వస్తాలే బాబూ, శుక్రవారం పిల్లలకి పరీక్ష ఉంది అంది. 

చావంటే ఆమెకి అంత భయం లేదు. ఆమె భయమల్లా ఈ ఇంట్లో చస్తానేమోనని.

కొన్నేళ్ళ కిందట వయొలిన్ నేర్చుకునే ఒక పిల్లాడి తాత వాడి కచేరీ వినడానికి ఎడారి నుంచి వచ్చాడు. వెనకగదిలో మధ్యాహ్నం నడుం వాల్చాడు, మళ్ళీ లేవలేదు. పొద్దు గూకేలోగా ఇల్లు ఖాళీ అయింది. మనిషి పోయిన ఇంట్లో ఎవరుంటారు? పొగ వెయ్యాలి, ఊడవాలి, పోయినవాడు శాంతించాలి. పోయినవాడి పేరు ఎవరి నోటా రాకూడదు. తిరిగి రమ్మని పెద్దలు చెప్పాలి. అన్నీ అయ్యేసరికి చదువుల ఏడాది దాటిపోయింది. కాలేజీవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పూలు పంపారు. ఒక వారంలో వచ్చేస్తే బాగుండేది కదా అని మెత్తగానే అడిగారు. వెళ్ళినవాళ్ళలో సగం మంది రానేలేదు. ఆ వయొలిన్ పిల్లాడు ఇప్పుడు దారి పక్కన పెట్రోలు బంకులో గొట్టం పట్టుకుని నిలబడతాడు.

వెర్నా కథ కూడా అలాంటిదే. వయసులో తనూ పాట నేర్చుకోవడానికే ఈ ఊరొచ్చింది. మంచి గొంతన్నారు. అమ్మ పోయిందని వెళ్ళింది. ఆ ఏడుపు తీరకముందే మేనమామ, ఆయన వెనక చెల్లెలు. ఒక చావు వెనక ఇంకో చావు, పశువుల లారీల్లా దుమ్ము రేపుకుంటూ వచ్చాయి. ఆ దుమ్ము అణిగి చూసుకునేసరికి జుట్టు నెరిసింది. మళ్ళీ ఈ ఊరొచ్చింది గానీ, పాడటానికి కాదు, వంటకి.

లెటీషా దిగింది, తలకి తమ జాతి జెండా రంగుల ఉన్ని టోపీ, నలుపూ ఎరుపూ పసుపూ. పందొమ్మిదేళ్ళుంటాయి, నల్లగా నిగనిగలాడుతూ, గుమ్మంలో నిలబడితే గుమ్మం నిండినట్టుంటుంది. కానీ గుండె మాత్రం పిట్టగుండె. రెండుసార్లు చెప్పాపెట్టకుండా బస్సెక్కి ఊరెళ్ళిపోయింది. వెర్నా వాపు కాళ్ళతో వెళ్ళి, తల్లిని ఒప్పించి వెనక్కి తెచ్చుకుంది. ఇవాళ మధ్యాహ్నం కాలేజీ హాల్లో పంతుళ్ళ ముందు పాడాలి. పాడితే చదువు పూర్తయినట్టు. ఈ ఇంటి నుంచి పూర్తి చేసినవాళ్ళు ఈమధ్య కాలంలో ఎవరూ లేరు. పాడకపోతే అంతే, ఇంకో అవకాశం ఉండదని ముందే చెప్పేశారు.

"పెద్దమ్మా, ముందు వరసలో కూర్చోవాలి నువ్వు. నడిమధ్యలో."

"నేను రాను."

"పరాచికాలొద్దు."

"పరాచికం కాదు. పనుంది. మీ రేమండ్ బాబాయితో బయటికి పోవాలి."

ఆ పిల్ల చెంచా జావలో వదిలేసింది. "నువ్వు లేకపోతే నేను పాడలేను. తెలుసుగా నీకు. వాళ్ళంతా వరసగా కూర్చుని చూస్తుంటే నాకు ఒక్క పాదం గుర్తురాదు."

"పాట నువ్వు పాడాలా, నేనా? పాలు తాగే పిల్లవా చంకనెత్తుకోడానికి?"

మాట కావాలనే కటువుగా అంది. హాల్లో కూర్చుని ఉండగా ఊపిరి ఆగిందంటే? అప్పుడు హాలు కూడా పోతుంది, పరీక్షా పోతుంది. ఆ సంగతి ఈ పిల్లకి చెప్పిందంటే ఇప్పుడే గిటారు కింద పెట్టి ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుంటుంది.

లెటీషా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "నువ్వూ అందరి లాంటిదానివే" అంది.

"అవును. తిను. రెండో పాదానికి ముందు ఊపిరి పీల్చుకో."

పిల్ల తినలేదు. గిటారు భుజాన వేసుకుని క్లేటన్ వెంట వెళ్ళిపోయింది. వీధి మలుపులో ఒకసారి ఆగింది గానీ తిరిగి చూడలేదు. వెర్నా కిటికీ చట్రం పట్టుకుని, వాళ్ళు కనుమరుగయ్యేవరకూ నిలబడింది. తర్వాత గిన్నెలు కడిగింది. ఒక్కో గిన్నెకీ ఆగి, సింకు మీద నుదురు ఆనించి, మళ్ళీ కడిగింది.

రేమండ్ వ్యాను తెచ్చాడు. వెర్నా అక్క మొగుడు, అక్క పోయి చాలాకాలమైంది. కాలేజీ పిల్లలని స్టేషనుకి, డాక్టరుకి, కచేరీలకి తిప్పేది అతనే. పెద్ద పొట్ట, పసుపు పట్టిన గడ్డం, ఒక కాలు కాస్త ఈడుస్తాడు.

"ఏం మరదలా, పెళ్ళికూతురిలా ఇంతసేపా?"

"పెళ్ళికొడుకు ముఖం గుర్తొచ్చి కాళ్ళు కదల్లేదు బావా."

అతను నవ్వాడు గానీ, ఆమెని ఎత్తి వెనక సీట్లో కూర్చోబెడుతుంటే నవ్వు ఆరిపోయింది. మనిషి బరువుగా ఉంది, కానీ పట్టుకుంటే ఏమీ లేనట్టుంది. పెదాలు బూడిద రంగు.

"ముందే రావల్సింది కదే."

"ముందే పోతే అది బస్సెక్కేసేది. ఇంట్లో ఉంటే ఇల్లు పోయేది. ఇవాళే కుదిరింది. పోనివ్వు."

వ్యాను మలుపు తిరిగింది. ఇల్లు వెనకబడింది. ఎర్ర ఇటుకల గోడ, ఇనుప వరండా, మేడ మీద ఎవరో ఆరేసిన తువ్వాలు. వెర్నా తల సీటుకి ఆనించి పెద్దగా ఊపిరి వదిలింది. గండం గడిచింది. ఇక ఎక్కడ పోయినా ఫరవాలేదు. ఆసుపత్రి ఎవరి ఇల్లూ కాదు, అక్కడ ఎంతమంది పోలేదు. పిల్లలకి రేపు చెబుతారు. రేపటికి పరీక్ష అయిపోతుంది.

ఇక్కడ నవంబరంటే ఎండలు ముదిరే కాలం, ఎండ మాడు పగలగొడుతోంది. కాలేజీ ముందునుంచే దారి. హాలు కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. ఎవరో పియానో వాయిస్తున్నారు. ఆ చప్పుడు వినేసరికి వెర్నా కళ్ళు తెరిచింది.

"బావా, ఆపు."

"ఎందుకు?"

"ఆ చెట్టు నీడన ఆపు. ఒక్క పాట విని పోదాం."

"వద్దు మరదలా. ఆసుపత్రి దగ్గరికొచ్చేశాం. ఇక్కడ ఆగకూడదు, నువ్వే చెప్పావు."

"లోపలికి పోనుగా. రోడ్డు మీద. వాళ్ళకి కనబడం కూడా కనబడం. దాని గొంతు ఒక్కసారి పూర్తిగా వినలేదు బావా, స్నానాల గదిలో ముక్కలు ముక్కలుగా తప్ప."

ఆమె ఎన్నడూ ఏదీ అడగని మనిషి. అతను స్టీరింగు తిప్పాడు. రోడ్డుకి ఇవతల, యూకలిప్టస్ చెట్టు కింద ఆపాడు. ఇంజను కట్టేశాడు.

ముందు క్లేటన్ డ్రమ్ములు. ఆ దరువుకి వ్యాను తలుపు రేకు కూడా వణికినట్టయింది. రేమండ్ వేళ్ళతో స్టీరింగు మీద తాళం వేశాడు. డ్రమ్ములు ఆగాయి. చప్పట్లు.

"విన్నావా? వెధవ బాగానే వాయించాడు. వాళ్ళ నాన్నకి రేకు డబ్బా కొట్టడం కూడా రాదు."

చప్పట్లు అణిగేదాకా ఆగి, మళ్ళీ పిలిచాడు.

"మరదలా."

అద్దంలో చూశాడు. తల కిటికీ వైపు వాలి ఉంది. నోరు కొంచెం తెరిచి, ఏదో వినబోతున్నట్టు.

ఆ పేరు ఆ క్షణం నుంచి ఎవరూ పలకలేదు. ఇక్కడా ఇక పలకడం లేదు.

రేమండ్ తాళంచెవి మీద చెయ్యి వేశాడు. తిప్పాలి. తిప్పేసి వెళ్ళిపోవాలి. ఆమె కోరింది అంతే, పిల్లలకి తెలియకుండా వెళ్ళిపోవడం. నాలుగు వీధులు దాటితే చాలు, ఆ పిల్ల పాడేస్తుంది. చెయ్యి కదల్లేదు. చిన్నప్పటినుంచి ఒంట్లోకి ఇంకిపోయిన భయం ఒక్కసారిగా పైకి లేచింది. పోయిన మనిషిని నాలుగు రేకు గోడల మధ్య బంధించి తాళం తిప్పడమా? దిగాడు. వ్యాను తలుపులు ఒక్కొక్కటే తెరిచాడు, అన్నీ. వెళ్ళే దారి ఉండాలి కదా ఆమెకి. చెట్టు మొదట్లోకి పోయి, వ్యాను వైపు వీపు తిప్పి నేల మీద కూలబడ్డాడు. అరవకూడదని రెండు చేతులూ నోట్లో కుక్కుకున్నాడు. పాట అయ్యేదాకా. ఒక్క పాట.

లోపల లెటీషా వేదిక మీదికి వచ్చింది. గిటారు తీగలు ఒకసారి మీటింది, సరిచేసుకుంది. గుమ్మం వైపు చూసింది. ఎవరూ రాలేదు. కిటికీ వైపు చూసింది. రోడ్డు అవతల తెల్ల వ్యాను, తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. చెట్టు కింద దుమ్ములో, వ్యాను వైపు వీపు తిప్పి, బాబాయి. దగ్గరలో ఇంకెవరూ లేరు.

పొద్దున పెద్దమ్మ వెళ్తానన్నది బాబాయితోనే. లెటీషాకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గిటారు మెల్లిగా కింద పెట్టింది. నిలబడినది నిలబడినట్టే మోకాళ్ళ మీద పడింది. అప్పుడొచ్చింది కేక. క్లేటన్ కిటికీ దగ్గరికి పరిగెత్తాడు, చూశాడు, తల గోడకి కొట్టుకున్నాడు. మిగతా పిల్లలు అందుకున్నారు. ఒకరి ఏడుపు ఒకరి ఏడుపులో కలిసి హాలంతా నిండిపోయింది.

పరీక్ష పెట్టే ముసలి పంతులమ్మ పరుగున వచ్చి లెటీషా పక్కన చతికిలబడింది. భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

"చాలా కష్టంగా ఉందని తెలుసమ్మా. కాస్త నీళ్ళు తాగు. ఆమె కోసమైనా ఒక్క పాట పాడెయ్యి. ఇంకోసారి పెట్టడం నా చేతుల్లో లేదు."

లెటీషా ఆమె వైపు చూసింది. మంచిమనిషి, ఎప్పుడూ కసురుకోలేదు. "పాట లేదు మేడమ్. ఇప్పుడింక లేదు" అంది. అని, ఏడ్చే పిల్లలతో కలిసి బయటికి నడిచింది.

సాయంత్రం బస్సుకి అందరూ ఉత్తరానికి వెళ్ళిపోయారు. పెద్దమ్మని ఊరికి చేర్చాలి, మట్టి ఇవ్వాలి, ఎన్నాళ్ళవుతుందో ఎవరికి తెలుసు. ఇంట్లో ఎవరూ చావలేదు కాబట్టి ఇంటికి పొగ వెయ్యనక్కర్లేదు, గదులు ఊడవనక్కర్లేదు. ఎవరైనా వచ్చి ఉండొచ్చు. ఉండటానికి ఎవరూ లేరు.

హాలు కాపలాదారు వచ్చి కిటికీలు మూశాడు. కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి గోడవారగా పేర్చుకుంటూ వచ్చి, ముందు వరస మధ్యలో ఆగాడు. ఎవరూ కూర్చోకుండా లెటీషా అట్టేపెట్టిన కుర్చీ అది. దాని మీద నలుపూ ఎరుపూ పసుపూ చారల ఉన్ని టోపీ ఒకటి, బోర్లా పడకుండా జాగ్రత్తగా నిలబెట్టి ఉంది.