మేతకెళ్ళే టోపీ

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో శనివారం వచ్చిందంటే గడ్డి వాసనే. పక్కింటాయన మిషన్‌తో లాన్ కోస్తుంటే కిటికీ దగ్గర నాకు కునుకు పట్టేది. ఆ కునుకులో మా నాన్న యాకోబు వచ్చేవాడు. కొడవలి భుజాన వేసుకుని, నెత్తిన ఏమీ లేకుండా, పచ్చటి లాన్ మీద చప్పుడు లేకుండా నడిచేవాడు. నాకేసి చూసేవాడు కాదు. చూడకపోవడమే నయం అనుకునేవాణ్ణి.

ఎందుకంటే నేను అబద్ధాలకోరుని. మా నాన్న సికింద్రాబాద్ దండులో గుర్రాలకు గడ్డి కోశాడు. పటాలం వెళ్ళిపోతూ ఒక సిపాయి తన పాత టోపీ ఆయనకిచ్చాడు. నాన్నకది సరిగ్గా సరిపోయేది. ఆ టోపీనే చూపించి నేను పెళ్ళిచూపుల్లో, పంతులుగా చేసిన బడిలో, చివరికి ఇక్కడి తెలుగు చర్చిలో కూడా మా నాన్న సిపాయి అని కోతలు కోశాను. నెత్తిన మాత్రం ఒక్కసారీ పెట్టుకోలేదు. ఆపాటి సిగ్గు మిగిలింది.

1983 మే నెలలో మనవరాలు రేణుని ఇంట్లోని పాత వస్తువు గురించి రాసుకురమ్మన్నారు స్కూల్లో. పన్నెండేళ్ళ పిల్ల, టోపీతో పాటు నన్నూ లైబ్రరీకి లాక్కెళ్ళింది. కాగితం మీద అప్పటికే ఒక వాక్యం ఉంది: మా ముత్తాత సోల్జర్. నా అబద్ధం పసిదాని చేతిరాతలోకి ఎక్కేసింది.

రేణు లావుపాటి పుస్తకం తిరగేసింది.

"తాతయ్యా, దీన్ని ఫోరేజ్ క్యాప్ అంటారు. ఫోరేజ్ అంటే గుర్రాల మేత. ఓల్డ్ టైమ్స్‌లో సోల్జర్స్ మేత కోసం వెళ్తే పెద్ద హ్యాట్ తీసేసి ఇది పెట్టుకునేవాళ్ళట. అందుకే ఆ నేమ్." మూతి ముడిచింది. "సో బోరింగ్! ఫైటింగ్ లేదు, జస్ట్ గడ్డి."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. గడ్డిని కప్పెట్టడానికి ఇన్నేళ్ళు ఈ టోపీనా వాడుకున్నాను!

"ఆ లైన్ కొట్టెయ్ తల్లీ. మా నాన్న సిపాయి కాదు, గడ్డి కోసేవాడు. నేనే అబద్ధం చెప్పాను."

"రియల్లీ? మరి చర్చ్‌లో అంకుల్స్‌కి?"

"రేపు ఆదివారమేగా, నేనే చెప్తాను."

రేణు లైన్ కొట్టేసింది. "రోజుకి ఎంత కోసేవారు?"

"ఒక గుర్రానికి కడుపునిండా."

అదే రాసుకుంది.

సాయంత్రం మళ్ళీ ఎవరో లాన్ కోస్తున్నారు. వరండాలో కూర్చుని మొదటిసారి టోపీ పెట్టుకున్నాను. వదులై కళ్ళ మీదికి జారింది. నాన్న తల నా తలకన్నా పెద్దది.