బీరువాలో ఒరిజినల్స్

కండ్లకోయలో తాతల నాటి ద్రాక్ష తోట కొట్టేసి ఇంజనీరింగ్ కాలేజీ కట్టిన ప్రతాప్‌కు ఒక అలవాటుంది. ఉద్యోగంలో చేరిన ప్రతి లెక్చరర్ దగ్గరా పదో తరగతి నుంచి ఎం.టెక్ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టించేవాడు. 'వెరిఫికేషన్' కోసమట. సుప్రజ చేరి ఆరేళ్లయింది, ఆమె సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఇంకా పూర్తి కాలేదు. గేదెను కట్టెయ్యడానికి పలుపు కావాలి, లెక్చరర్‌ను కట్టెయ్యడానికి ఆ బీరువా చాలు.

2006 ఫిబ్రవరిలో ఆ పలుపు బిగిసింది. సుప్రజకు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. శుక్రవారం ఉదయం పదింటికి ఒరిజినల్స్‌తో హాజరు కావాలి. కాకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి వాళ్లకు పోతుంది. ఆరేళ్ల అనుభవానికి రుజువు తేవడానికి మాత్రం రెండు నెలలు గడువిచ్చారు.

మూడుసార్లు వెళ్లి అడిగింది. మూడుసార్లూ ప్రతాప్ టీ తాగుతూనే ఉన్నాడు, కూర్చోమని ఒక్కసారీ అనలేదు.

"ఇన్‌స్పెక్షన్ కానీయుండ్రి మేడం. మే నెలల సూద్దాం."

"శుక్రవారమేనండీ నాకు కావలసింది."

"అయితే మీ తఖ్దీర్ మేడం, మీ రాత."

సుప్రజ తండ్రి యజ్ఞనారాయణ కాకినాడ కోర్టులో గుమాస్తాగా రిటైరై మచ్చ బొల్లారంలో కూతురి దగ్గరే ఉంటున్నాడు. ఆయన కాగితాన్ని నమ్మినంతగా దేవుణ్ణి కూడా నమ్మడు. "ఒకళ్ల సర్టిఫికెట్లు దాచుకునే హక్కు ఏ చట్టమూ ఆయనకివ్వలేదమ్మాయ్" అని ప్రతాప్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం కొట్టాడు. ముట్టినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. సర్టిఫికెట్లు రాలేదు.

"చట్టం మీ పుస్తకంలో ఉంది నాన్నా, తాళంచెవి భాస్కర్ జేబులో ఉంది" అని సుప్రజ విసుక్కుంది. భాస్కర్ ఆ కాలేజీ గుమాస్తా. ముసలాయన పుస్తకం వదల్లేదు. కిందటి అక్టోబరులో సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఆయనకదొక పిచ్చి. వీధి దీపం ఎందుకు వెలగదు, మురిక్కాలవ ఎందుకు కదలదు అని పది రూపాయల ఫీజు కట్టి దరఖాస్తులు పెడుతున్నాడు. దీపం వెలగలేదు కానీ ఎందుకు వెలగలేదో మూడు పేజీల జవాబు వచ్చింది. దాన్ని భద్రంగా దాచుకున్నాడు.

కాలేజీకి ఏటా గుర్తింపు ఇచ్చే యూనివర్సిటీ వాళ్ల ఇన్‌స్పెక్షన్ గురువారం పడింది. ఏడాదికి ఆ ఒక్కరోజే బీరువా తెరుచుకుంటుంది. కమిటీ వాళ్లు ఒక్కో లెక్చరర్‌నీ పిలిచి మొహమూ, ఒరిజినల్సూ చూస్తారు. ఒక తలుపు దగ్గర ఫైలు చేతికిస్తారు. రెండో తలుపు దగ్గర భాస్కర్ వెనక్కి లాక్కుంటాడు. ఆ రెండు తలుపుల మధ్య నాలుగు నిమిషాలు మాత్రం మనిషి చదువు మనిషి చేతిలో ఉంటుంది.

వరసలో సగం మందిని సుప్రజ ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క రోజుకు పిలిపించిన అద్దె లెక్చరర్లు. వెనక నిలబడ్డ కొత్త టై ఆయన ఆమె భుజం మీదుగా వంగి మెల్లగా అడిగాడు. "మేడం, మనది ఏ డిపార్ట్‌మెంట్?" ఆమెకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

లోపల ముగ్గురు పెద్దమనుషులు జీడిపప్పు నములుతున్నారు. బల్ల మీద అధ్యాపకుల జాబితా ఉంది. పేరు, ఫోటో, చేరిన తేదీ, పక్కన సంతకం, ప్రతి పేజీ కిందా చైర్మన్ ప్రతాప్ పచ్చ సిరా సంతకం. సుప్రజ తన పేరెదురుగా సంతకం పెట్టి తలెత్తింది.

"సర్, ఈ ఒరిజినల్స్ కాలేజీ వాళ్లు ఆరేళ్లుగా దగ్గర పెట్టుకున్నారు. రేపు నాకు ఉద్యోగానికి కావాలి. ఇప్పించండి."

మధ్యలో కూర్చున్నాయన ప్లేటులోంచి తల ఎత్తకుండానే, "అది మా పరిధిలోకి రాదమ్మా. నెక్స్ట్" అన్నాడు.

ఇంత చదువుకుని ఇలాంటి వాళ్లను బతిమాలానే అని తన మీద తనకే అసహ్యం వేసింది. అడుక్కోవడం ఆ గదిలోనే అయిపోయింది. రెండో తలుపు దగ్గర భాస్కర్ చెయ్యి చాపాడు.

"ఫైల్ మేడం."

"ఇవ్వను."

చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. అరుద్దామంటే లోపల కమిటీ, ఊరుకుందామంటే చైర్మన్. మింగలేక కక్కలేక వాడు ఆఫీసు వైపు పరుగెత్తాడు. సుప్రజ ఫైలు గుండెకు అదుముకుని గేటు దాకా నడిచింది. గేటుకు తాళం వేసి ఉంది. తల లెక్క తగ్గకూడదని ఆ రోజు లెక్చరర్లెవరినీ బయటికి పోనియ్యరు.

"తియ్యి జంగయ్యా."

వాచ్‌మన్ జంగయ్య నేల చూపులు చూశాడు. "సారు సెప్పిండమ్మా. నా నౌకరి పోతది."

ఈలోగా ప్రతాప్ రానే వచ్చాడు.

"ఏంది మేడం గీ తమాషా? ఫైల్ ఇచ్చి లోపలికి నడువుండ్రి."

"నా ఫైలు నా దగ్గరుంటే మీకేం నొప్పి?"

"మూడు నెలల నోటీస్ ఇయ్యాలె. రూల్."

"ఆ రూలు ఎక్కడ రాసుందో చూపించండి."

"నా కాలేజ్ల నేనే రూల్."

ఆ మాటతో ఆరేళ్ల భయం ఆమెలో పుటుక్కున తెగింది. వెనక్కి తిరిగి, కమిటీ కూర్చున్న కిటికీ వైపు చూస్తూ గొంతు పెంచింది.

"నా వెనక నిలబడ్డాయన తనది ఏ డిపార్ట్‌మెంటో నన్నడిగాడు. నాకూ తెలియదు. లోపలికెళ్లి వాళ్లనే అడగనా?"

ప్రతాప్ తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. "మెల్లగ... మెల్లగ మాట్లాడు." జంగయ్యకు కళ్లతోనే సైగ చేశాడు. గేటు రెండడుగులు తెరుచుకుంది. ఆమె దాటుతుండగా పళ్లు బిగించి అన్నాడు.

"పో. గని ఒక్కటి యాది పెట్టుకో. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇయ్య. ఆరేండ్లు నువ్వు నా కాలేజ్ల పని జెయ్యనే లే. ఎవడొచ్చి అడిగినా గా పేరే నాకు ఎర్క లేదంట."

సుప్రజ గేటు దాటింది. ఒరిజినల్స్ చేతికొచ్చాయి, ఆరేళ్లు పోయాయి. ఎన్ని పాఠాలు, ఎన్ని ల్యాబులు, జ్వరంతో వచ్చిన రోజులెన్ని! అవేవీ జరగలేదట. వాణ్ణి అక్కడే చెంపదెబ్బ కొట్టాలనిపించింది.

రోడ్డుకవతల స్కూటర్ పక్కన యజ్ఞనారాయణ కాచుకుని ఉన్నాడు. కూతురు ఏడుస్తూ చెప్పిందంతా విన్నాడు.

"లోపల జాబితాలో సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"ఆయన?"

"ప్రతి పేజీ కిందా."

ముసలాయన సంచీలోంచి కాగితం తీశాడు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. ఫలానా కాలేజీ తనిఖీ కమిటీకి సమర్పించిన అధ్యాపకుల జాబితా నకలు ఇప్పించవలసినదిగా ప్రార్థన. అంతా ముందే రాసిపెట్టి ఉంది. తనిఖీ తేదీ దగ్గర మాత్రం ఖాళీ.

"అలాంటివాడు అనుభవం కాగితం ఇస్తాడని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ జాబితా యూనివర్సిటీకి చేరింది, ఇప్పుడది సర్కారు కాగితం. నెల రోజుల్లో నకలిచ్చి తీరాలి. తేదీ వెయ్యి" అన్నాడు.

సుప్రజ స్కూటర్ సీటు మీద పెట్టి రాసింది.

మర్నాడు ఒరిజినల్స్ చూపించి ఉద్యోగం నిలబెట్టుకుంది. ఇరవై ఏడో రోజున నకలు వచ్చింది. సుప్రజ, చేరినది జనవరి 2000, నేటికీ పనిచేయుచున్నారు. కింద ప్రతాప్ సంతకం. ఇవ్వనన్న సర్టిఫికెట్ ఆయన చేతి మీదుగానే వచ్చింది. గడువు లోపల దాన్ని దాఖలు చేసింది.

ఏడాది తిరిగింది. ఒక సాయంత్రం మచ్చ బొల్లారం ఇంట్లో ఫోన్ మోగింది. భాస్కర్.

"బాగున్నరా మేడం? ఎల్లుండి ఇన్‌స్పెక్షన్. మీ పేరు ఇంకా లిస్ట్‌లనే ఉంది. ఒక్క పూట వచ్చి లైన్ల నిలబడి పోండ్రి. కారు పంపిస్తమని సార్ అన్నడు. ఒరిజినల్స్ మాత్రం తెచ్చుకోండ్రి."

"ఇన్‌స్పెక్షన్‌కా? ఏ సారు భాస్కర్? ఆ పేరే తనకు తెలియదన్నాడే, ఆ సారేనా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. వెనక్కి తిరిగి చూస్తే తండ్రి అప్పటికే తెల్లకాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాడు.

"తనిఖీ ఏ తేదీనట?" అన్నాడు.